తెరిచి ఉన్నట్టే లెక్క

“గుంతలో మనిషి ఉన్నాడని తెలిసి తిప్పావా, తెలియక తిప్పావా? రెండింటికీ శిక్ష వేరు. అందుకే అడుగుతున్నాను.”

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్న వేయడం అది మూడోసారి. బల్లకు అవతల కూర్చున్న మనిషి మూడోసారి కూడా ఓపికగానే జవాబు చెప్పాడు.

“నా పెళ్ళిలో కూడా నన్ను ఇన్నిసార్లు అడగలేదు సార్, ఇష్టమేనా అని. నేను కుళాయి తిప్పేటప్పుడు మాస్టారు నా పక్కనే నిలబడి ఉన్నారు. తర్వాత ఆయనే దిగారు. అయినా మనిషిని ముంచే సత్తువ దానికెక్కడిది? పిల్లి దాహం కూడా తీరదు ఆ ధారకి.”

ఆయనను ఊరంతా కీ బాబాయి అంటుంది. భూమిలో ఉన్న వాల్వులను పైనుంచి తిప్పే నిలువెత్తు ఇనుప కీ భుజాన వేసుకుని ముప్ఫై అయిదేళ్ళుగా వీధులు తిరుగుతున్నాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. అయినా నాకూ బాబాయే. ఇప్పుడా చేతులకు సంకెళ్ళున్నాయి.

నీటి సరఫరాలో ఎవరి ప్రాణమైనా పోతే కారణం తేల్చవలసిన బాధ్యత ప్రభుత్వం నాకు అప్పగించింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా మాట వినని వాళ్ళే, పదవీ విరమణ చేశాక పిలిచి ఈ పని ఇచ్చారు. ఈసారి పోయిన ప్రాణం మా మాస్టారిది. ఈ ఊరి గొట్టాల లెక్కను మొట్టమొదట కట్టినవాడు, నాకు ఆ లెక్క నేర్పినవాడు, మొన్న ఉదయం కొండదారి మలుపులో ఉన్న వాల్వు గుంతలో మునిగి చనిపోయాడు. ఎనభై ఏళ్ళ మనిషి, ఆరడుగుల గుంత.

ఆ గుంతలో రెండు మరలున్నాయి. మొదటిది కొండమీది ట్యాంకు నుంచి వచ్చే పెద్ద గొట్టానికి అడ్డుగా ఉండే వాల్వు. రెండోది దాని దిగువన, గొట్టం అడుగున చేరిన బురదను కడిగి పంపే చిన్న కుళాయి. ఆ కుళాయి నీరు కాలువలోకి పోవాలి. పోదు. కలపవలసిన రెండు గజాల గొట్టాన్ని ఇరవై ఏళ్ళుగా ఎవరూ కలపలేదు. అందువల్ల నీరంతా గుంతలోకే వస్తుంది. ఆ రెండు గజాల గొట్టం వేయించనందుకు ఇంతవరకు ఎవరి మీదా కేసు లేదు. కుళాయి తిప్పినవాడి మీద ఉంది.

“మోడల్ ఆఫీసు రిపోర్టు చూశారు కదా మేడం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగి. ఊరి నీటి లెక్కను కంప్యూటర్లో కట్టే ఆఫీసు అది. “వాల్వు తెరిచి ఉంది. గొట్టంలో ముప్ఫై మీటర్ల ఎత్తుకు ఎగజిమ్మే ప్రెషర్. కుళాయి తిప్పితే నాలుగు నిమిషాల్లో గుంత నిండుతుందని కంప్యూటరే చెప్తోంది. ఏడున్నరకి ఈయన తిప్పడం ఎదురింటావిడ చూసింది. తొమ్మిదింటికి శవం తేలింది. అయిదింటికి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పెడితే బెయిలు కూడా రాదు.”

గోడ గడియారంలో పన్నెండు దాటింది. నేను కుర్చీ దగ్గరకు జరుపుకున్నాను.

“బాబాయ్, మాస్టారు దిగాక నువ్వెక్కడికి వెళ్ళావు?”

“పంపుహౌసుకమ్మా. ఎనిమిదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా అక్కడే ఉన్నాను. నలుగురు చూశారు.”

“ఎందుకు వెళ్ళావు?”

“పనుండి.”

“ఏం పని?”

బాబాయి గోడకేసి చూశాడు.

“సరే. ధార అంత సన్నగా ఎందుకొస్తుంది? ముప్ఫై మీటర్ల ప్రెషరుంటే అలా రాకూడదే!”

గోడకేసే చూస్తూ ఉన్నాడు. అడగని విషయాలు కూడా పూసగుచ్చినట్టు చెప్పే మనిషి, సరిగ్గా రెండు ప్రశ్నల దగ్గర మూగవాడయ్యాడు. అబద్ధం చెప్పేవాడు ఏదో ఒకటి అల్లి చెప్తాడు. మాట ఇచ్చినవాడే ఇలా నోరు కుట్టేసుకుంటాడు.

“ఎవరికిచ్చావు మాట?” అన్నాను.

“నాకు ఆకలేస్తోందమ్మా,” అన్నాడు బాబాయి.

*

మాస్టారి ఇంటి వెనక గదికి కిటికీలు లేవు. ఉన్న ఒక్క కిటికీనీ నలభై ఏళ్ళ కిందటే ఇటుకలతో మూయించారు, వెలుతురు తన దీపాలకు అడ్డొస్తోందని.

“రా సూదీ. ఏడవనులే, భయపడకు,” అంది పిన్నిగారు తలుపు తీస్తూ. మాస్టారి భార్యను శిష్యులమంతా అలాగే పిలిచేవాళ్ళం. సూది అన్నది మాస్టారు నాకు పెట్టిన పేరు. ఎవరి లెక్కలో చిల్లు ఉన్నా గుచ్చి చూపిస్తానని.

“ఆయన పోయాక ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా పిన్నిగారూ?”

“దశాంశం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చూసి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు.”

దశాంశం నా సహాధ్యాయి. ఇప్పుడు మోడల్ ఆఫీసుకు అధిపతి. మేము లెక్కలో చుక్క తర్వాత ఒక్క అంకె వేస్తే అతను అయిదు వేసేవాడు. “నీళ్ళు కొలవరా నాయనా, బంగారం కాదు,” అని మాస్టారు నవ్వేవారు.

“ఆ రోజు పొద్దున మాస్టారు ఏమన్నారు?”

“ఏమంటారు? వచ్చి గడ్డం గీసుకుంటానన్నారు. వేడినీళ్ళు పెట్టి ఉంచాను.” పిన్నిగారు కొంగు చివర వేలికి చుట్టుకుంది. “గడ్డంతోనే పంపించాం.”

నేను స్విచ్చు వేశాను.

గది నిండా పరుచుకున్న బల్ల మీద ఊరు వెలిగింది. కంప్యూటర్లు రాకముందు మాస్టారు తన చేతులతో కట్టిన ఊరు అది. ఒక్కో గొట్టానికి ఒక్కో చిన్న దీపం, ఒక్కో కూడలికి ఒక్కో మేకు. నీటికి బదులు కరెంటు పారుతుంది. నీరు వేగంగా పోయినకొద్దీ గొట్టం గోడ ఎలా మొరాయిస్తుందో, కరెంటు ఎక్కువైనకొద్దీ ఆ దీపాల్లోని తీగ కూడా అలాగే మొరాయిస్తుంది. కనుక ఈ బల్ల మీద కరెంటు ఎలా పంచుకుంటుందో, మట్టి కింద నీరు కూడా అలాగే పంచుకుంటుంది. ఆ తీగ కోసం ఆయన రెండేళ్ళు వెతికారు.

మొదటిసారి ఆ బల్ల వెలిగిన రోజు నాకు ఇరవై రెండేళ్ళు. బల్ల అవతలి అంచున దశాంశం, ఇవతలి అంచున నేను, తల దగ్గర మాస్టారు. “ఇప్పుడు ఊరంతా స్నానాలకు లేచింది,” అంటూ ఆయన మీటలు తిప్పారు. ట్యాంకు దగ్గరి దీపాలు పచ్చగా మండాయి. ఊరి చివరి దీపాలు ఎర్రబడి, మసకబారి, నిప్పురవ్వల్లా మిగిలాయి. “ఆ చివర ఒక తల్లి బిందె పట్టుకుని నిలబడి ఉంది. మీ లెక్క ఆమె కోసం. నా కోసం కాదు,” అన్నారు. ఆ గదిలో మేం కూర్చున్న నాలుగు సంవత్సరాలలో నేను నేర్చిన దానికి, ఆ తర్వాత చదివిన పుస్తకాలన్నీ కలిపినా వడ్డీ మాత్రమే. లెక్క కలవనప్పుడు కలిసినట్టు రాయడం ఆయన దృష్టిలో దొంగతనం. “తెలియదని రాయి. తెలియదన్నవాడి వెనక ఇంకొకడు వెతుకుతాడు. తెలిసిందన్నవాడి వెనక ఎవడూ వెతకడు,” అనేవారు.

ఆ రోజు వెలిగిన దీపాలన్నీ ఇప్పుడూ వెలిగాయి. ఒక్కటి తప్ప. కొండదారి గొట్టం చీకటిగా ఉంది.

వంగి చూశాను. దీపం మాడిపోలేదు, తీసేసి ఉంది. సొరుగు లాగితే దూదిలో చుట్టి కనిపించింది. బిగిస్తే పచ్చగా, నిక్షేపంగా వెలిగింది.

మీటరు తీగను బల్ల మీద దిగువ పేటకు ఆనించాను. కొండదారికి కింద ఉన్న పేట అది, బాలికల బడీ పోలీసు స్టేషనూ అందులోనే ఉన్నాయి. దీపం వెలుగుతుంటే ఆ పేటకు కావలసినంత ప్రెషర్ వచ్చింది. దీపం తీసేస్తే మూడో వంతుకు పడిపోయింది. అప్పుడా పేటకు నీరు ఊరికి అవతల ఉన్న రెండో ట్యాంకు నుంచి, సన్నటి గొట్టాల గుండా తిరిగి తిరిగి వస్తోంది. దిగువ పేట వీధుల్లో ప్రెషర్ కొలిచే నిజమైన గేజీలు ఏళ్ళుగా చూపిస్తున్నది ఆ మూడో వంతునే. కొండదారి మలుపు ఎత్తులో ఉంది. ఉదయం అందరి కుళాయిలూ తెరిచిన వేళ అంత బలహీనమైన ప్రెషర్ అక్కడికి ఎక్కనే ఎక్కదు. కుళాయి తిప్పితే వచ్చేది బాబాయి చెప్పిన పిల్లి ధారే.

అంటే గుంతలోని పెద్ద వాల్వు మూసి ఉంది. రిపోర్టులో తెరిచి ఉంది.

నన్ను కలవరపెట్టింది అది కాదు. దీపం తీసిన గూటిలో దుమ్ము గట్టిపడి ఉంది. గోటితో గీస్తే గాని రాలేదు.

“పిన్నిగారూ, ఈ దీపం ఎప్పుడు తీశారు?”

“ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో అయింది. మాడిపోయిందా అని అడిగితే, లేదు, నిద్రపోతోంది, లేపకు అన్నారు.”

కనుక మాస్టారికి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఒక పేట అరకొర నీళ్ళతో బతుకుతోందని తెలిసి, ఊరికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఎందుకు?

ఆ ప్రశ్నకు అక్కడ జవాబు లేదు. ఊరి వెలుగు ఆర్పేసి బయటికి వచ్చాను.

*

“ఎండన పడి వచ్చారేంటక్కా! ఫోన్ చేస్తే బండి పంపేవాణ్ణి. కూర్చోండి.”

“కూర్చోను. కొండదారి గొట్టం తెర మీదకు తీయి.”

దశాంశం నవ్వు ముడిచాడు. మోడల్ ఆఫీసు గదిలో అప్పటికే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. నేనే రమ్మన్నాను. తెర మీద కొండదారి గొట్టం లావాటి నీలి గీతగా కనిపించింది. పక్కన మాట: తెరిచి ఉంది. గీత చివర, దిగువ పేట కూడలిలో, ఒక ఎర్ర చుక్క. పద్దెనిమిది లీటర్లు.

“ఏమిటిది?”

“లీకేజీ. సెకనుకు పద్దెనిమిది లీటర్లు. అందుకే కింద ప్రెషర్ తక్కువ. నేను ఈ కుర్చీలోకి వచ్చేనాటికే ఉంది, నేను పెట్టింది కాదు.”

“ఇన్‌స్పెక్టర్ గారూ, పద్దెనిమిది లీటర్లంటే దాదాపు సెకనుకో బిందె. రాత్రీ పగలూ, తొమ్మిదేళ్ళు. అక్కడ ఏముండాలి?”

“చెరువుండాలి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“దుమ్ముంది. వచ్చే దారిలో దిగి చూశాను. వినికర్ర గొట్టానికి ఆనించి చెవి పెట్టాను. అంత నీరు కారుతుంటే గొట్టం ఏనుగులా ఘీంకరించాలి. పక్క వీధిలో కుట్టుమిషన్ చప్పుడు వినబడింది గాని, నీటి చప్పుడు లేదు.”

“లోపలికి ఇంకిపోతుండొచ్చు కదా!”

“కింద బండరాయి, తమ్ముడూ. ఆ కూడలిలో గొట్టం వేయడానికి ఎన్ని ఉలులు విరిగాయో నీకూ తెలుసు. ఆ వేసవి మనిద్దరం అక్కడే గొడుగు కింద నిలబడ్డాం.”

ఒక్క క్షణం అతని ముఖంలో ఆ పాత కుర్రవాడు కనిపించాడు. గొడుగు నావైపు వంచి తను ఎండలో చెమటకు తడిసిన కుర్రవాడు. వెంటనే మాయమయ్యాడు.

“అక్కా, మోడల్ గేజీలతో కలుస్తోంది. రెండు శాతం తేడా కూడా లేదు. ఇంతకంటే ఏం కావాలి మీకు?”

“అదే చెప్తున్నాను, వినండి ఇన్‌స్పెక్టర్ గారూ. మోడల్ అంటే లెక్కలో కట్టిన ఊరు. అందులో వచ్చిన ప్రెషర్ వీధిలోని గేజీతో కలవకపోతే, ఎక్కడో వాల్వు మూసి ఉందేమోనని కాళ్ళరిగేలా తిరిగి వెతకాలి. లేదంటే కుర్చీలో కూర్చుని ఒక లీకేజీ సృష్టించాలి. లేని నీటిని లేని కంత గుండా పోయించాలి. రెండు విధాలా లెక్క కలుస్తుంది. కంప్యూటరుకు రెండూ ఒకటే. గుంతలో ఉన్న మనిషికి కాదు. ఆ ఎర్ర చుక్కను తీసేసి వాల్వు మూయి, తమ్ముడూ. ఇక్కడే, అందరి ముందూ.”

 ఇన్‌స్పెక్టర్ దగ్గాడు. దశాంశం వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. ఎర్ర చుక్క పోయింది, నీలి గీత తెల్లబడింది. దిగువ పేట ప్రెషర్లు మునుపటిలాగే గేజీలతో కలిశాయి. కొండదారి మలుపు దగ్గర ఉదయం ఏడున్నరకు సున్నా.

“అంటే బాబాయి తిప్పిన కుళాయిలోంచి...” ఇన్‌స్పెక్టర్ ఆగాడు.

“పాదాలు తడవవు. ఇప్పుడు మీ రిపోర్టులోని ఈ గేజీ గీత చూడండి. బాలికల బడి దగ్గరిది. మొన్న ఉదయం ఎనిమిదీ పదికి ప్రెషర్ ఒక్కసారిగా లేచింది, పది నిమిషాలుండి పడిపోయింది. పక్కన ‘పంపు వేశారు’ అని రాశారు. అడగండి, వేశారేమో.”

ఇన్‌స్పెక్టర్ పంపుహౌసుకు ఫోన్ చేశాడు. విన్నాడు. పెట్టేశాడు.

“ఆ గంటలో ఏ పంపూ వేయలేదట.”

“మరి లేపిందేమిటి? మూసి ఉన్న వాల్వును ఎవరో పైనుంచి తెరిచారు. కుళాయి తెరిచే ఉంది, గుంతలో మాస్టారున్నారు. కొండమీది ట్యాంకు బరువంతా ఆ కుళాయి గుండా ఆయన మీద పడింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ మూశారు. తెరిచే ఉన్న వాల్వును ఎవరూ తెరవలేరు కదా! అందుకే రిపోర్టులో అది పంపు అయింది. ఎనిమిదీ పదికి కీ బాబాయి నలుగురి ఎదుట పంపుహౌసులో ఉన్నాడు.”

“ఇదంతా ఊహ,” అన్నాడు దశాంశం. గొంతు స్థిరంగానే ఉంది. చుక్క తర్వాత అయిదు అంకెలు వేసే మనిషి గొంతు అది. “మాస్టారు పోయారన్న బాధలో ఉన్నారు మీరు. మాకు మాత్రం లేదా? అయినా ఇంకా ఆ దీపాల బల్లనే పట్టుకు వేలాడితే ఎలా అక్కా?”

“ఆ బల్ల అంచున కూర్చునే కదా నువ్వు అన్నం పెట్టే చదువు నేర్చుకున్నావు!”

“మీరిద్దరూ ఆగండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “నేను కళ్ళతో చూడాలి. వాల్వు మూసి ఉంటే ఈ రిపోర్టు చించేస్తాను, బాబాయి అయిదింటికి ఇంటికెళ్తాడు. తెరిచి ఉంటే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తాడు. అంతే.”

“గుంతలో ఇంకా నీళ్ళున్నాయి. తోడించాలి. నేను ముందు వెళ్ళి ఆ పని చూస్తాను, మీరు నాలుగున్నరకి రండి,” అంటూ దశాంశం లేచాడు.

“అతన్ని ఒంటరిగా పంపకండి,” అన్నాను.

“తోడకుండా ఏం చూస్తాం మేడం? ఆయన డిపార్టుమెంటు, ఆయన మనుషులు. నాలుగున్నరకి నేనూ అక్కడే ఉంటాను.”

“నమ్మకం లేదా అక్కా?” అన్నాడు దశాంశం గుమ్మంలో ఆగి.

“ఉండేది,” అన్నాను.

*

నాలుగు దాటుతుండగా స్టేషనుకు తిరిగి వచ్చాం. కీ బాబాయి ఎవరో పెట్టిన భోజనం తిని, గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. సంకెళ్ళతో కూడా అంత హాయిగా నిద్రపోగలిగిన మనిషిని చూస్తే నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

“లే బాబాయ్. సాయంత్రానికి ఇంట్లో ఉంటావు.”

“నిజంగానా? మా ఆవిడ అప్పుడే నా మంచం మేనల్లుడికి ఇచ్చేసి ఉంటుందమ్మా.”

“వాల్వు మూసి ఉందని తేలింది. తేలినట్టే. దశాంశం గుంత తోడించడానికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ గారు వెళ్ళి కళ్ళారా చూస్తే...”

బాబాయి నిటారుగా లేచాడు. నిద్ర, నవ్వు, రంగు, మూడూ ఒకేసారి ఆ ముఖం నుంచి దిగిపోయాయి.

“ఎవరెళ్ళారన్నారు? ఎప్పుడు?”

“మాకంటే ముందే బయలుదేరాడు. ఏం?”

“తెరవద్దనండి! అమ్మా, ఆ వాల్వు తెరవద్దనండి!” ఇన్‌స్పెక్టర్ చొక్కా పట్టుకోబోయి, సంకెళ్ళు అడ్డొచ్చి తూలాడు. “దాన్ని మూసింది నేనే. తొమ్మిదేళ్ళ కింద నా చేత్తో మూశాను. మాస్టారు మూయమంటే మూశాను.”

ఇన్‌స్పెక్టర్ నన్ను చూశాడు. నేను బాబాయిని చూస్తున్నాను.

“ఆ గొట్టం రంగుల కార్ఖానా పెరడు కింద నుంచి వస్తుందమ్మా. వాళ్ళు ముప్ఫై ఏళ్ళు పారబోసిన విషమంతా ఆ మట్టిలోనే ఉంది. గొట్టం అక్కడే బీటలు వారింది. పంపు ఆగి ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా ఆ మురుగుని లోపలికి పీలుస్తుంది. ఆ ఏడు దిగువ పేటలో ముగ్గురు పిల్లలు పోయారు, కడుపునొప్పులన్నారు. మాస్టారు గొట్టం మార్చమని ఎన్నిసార్లు తిరిగారో! పైవాళ్ళు ఒప్పుకుంటే పరువు పోతుందట. అప్పుడు మూయించారు. మూసి ఉందని తెలిస్తే నీళ్ళు రావట్లేదని ఎవడో ఒకడు తెరుస్తాడు బాబాయ్, తెరిచే ఉందని కంప్యూటర్లో ఉంటే ఎవడూ వెతకడు అన్నారు. అప్పట్లో మోడల్ ఆఫీసుకి సలహా చెప్పడానికి వెళ్ళేవారు, ఆ లీకేజీ ఆయనే పెట్టారు. చెప్పనని ఒట్టు వేయించుకున్నారు.”

తెలిసిందన్నవాడి వెనక ఎవడూ వెతకడు. నాకు నలభై ఏళ్ళు ధర్మంగా వినిపించిన మాటను ఆయన పనిముట్టుగా వాడుకున్నారు. నాకు ఒక్కమాట చెప్పి ఉంటే! నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకునే తీరిక లేదు.

“మొన్న ఎందుకు వెళ్ళారు మరి?”

“దశాంశం బాబు ఆ వాల్వు గురించి ఆరా తీస్తున్నాడని తెలిసి, దానికి గొలుసు వేయాలన్నారు. ముందు వాల్వు గట్టిగా మూసి ఉందో లేదో చూడ్డానికి చిన్న కుళాయి తిప్పించారు. గొలుసు తెమ్మని నన్ను పంపుహౌసుకి పంపారు. నేను తిరిగొచ్చేసరికి గుంత నిండి ఉంది. అప్పుడొచ్చింది గుంతలోకే పోయింది కాబట్టి బతికిపోయారు జనం. ఇప్పుడా చిన్న కుళాయి మూసేశారు. ఇప్పుడు తెరిస్తే తిన్నగా పేటలోకే!”

నేను అప్పటికే ఫోన్ చేస్తున్నాను. నాలుగోసారి మోగాక ఎత్తాడు. ఇన్‌స్పెక్టర్ వినేటట్టు బల్ల మీద పెట్టాను.

“తమ్ముడూ, వాల్వు ముట్టుకోకు.”

“ముట్టుకోవడం దేనికక్కా?” దశాంశం కొంచెం ఎగశ్వాసతో ఉన్నాడు, బరువైనదేదో తిప్పి వచ్చినవాడిలా. “తోడించి చూశాను. తెరిచే ఉంది. పూర్తిగా తెరిచి ఉంది. ఇన్‌స్పెక్టర్ గారిని వచ్చి చూసుకోమనండి. మీ లెక్కే తప్పు. చెప్పడానికి బాధగా ఉంది.”

స్టేషను పెరట్లో ఏదో పెద్దగా దగ్గింది. బుస్సుమని గాలి తన్నింది. తర్వాత ఇనుప బకెట్టు మీద నీరు దబదబా పడుతున్న చప్పుడు, దాని వెంట ఒక కానిస్టేబుల్ కేక.

“సార్! కుళాయి చూడండి సార్! నేనీ స్టేషనుకొచ్చాక ఇంత ధార ఎప్పుడూ చూళ్ళేదు!”

ఇన్‌స్పెక్టర్ ఫోనువైపు చూశాడు, పెరటివైపు చూశాడు. తెరిచే ఉన్న వాల్వును ఎవరూ తెరవలేరన్న మాట ఆ ముఖంలో ఇప్పుడు దిగింది.

“ఎవరూ తాగొద్దు!” అని అరిచాను. “అది ఇంకా గొట్టంలో ఉన్న పాత నీరే. ప్రెషర్ క్షణాల్లో వస్తుంది, నీరు నడిచి రావాలి. ఆ పెరడు నుంచి ఇక్కడికి అరగంట. బడికి అంత కూడా పట్టదు.”

“బడి నాలుగున్నరకి వదుల్తారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. “పిల్లలు గేటు దగ్గర కుళాయికి ఎగబడతారు. మా అమ్మాయి కూడా.”

ఫోను బల్ల మీద మౌనంగా ఉంది. అవతలివాడు ఎప్పుడు పెట్టేశాడో ఎవరూ గమనించలేదు.

“జీపు తీయండి! బడికి ఫోన్ చేయండి! ఈయన సంకెళ్ళ తాళం ఎవరి దగ్గరుంది?”

కానిస్టేబుల్ ఒక జేబు తడుముకున్నాడు, ఇంకో జేబు తడుముకున్నాడు, సొరుగు లాగాడు. కీ బాబాయి అతని పక్కనుంచి అప్పటికే గుమ్మం దాటుతున్నాడు.

“వెతక్కండి సార్, ఇవి ఉండనివ్వండి. రెండు చేతులూ ఎలాగూ ఒకే కీ మీద వేయాలి. పదండి!”